చెల్లని పేరు

దసరాకు బెల్లంపల్లి పోయినప్పుడు పక్కింటి పెద్దమ్మకు తోడుగా కాల్‌టెక్స్ దగ్గరి నెట్ సెంటర్‌కు పోవలసి వచ్చింది. ఆమె పెనిమిటి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, కాలం చేసి మూడేళ్లు. ఏదో దరఖాస్తు, ఆన్‌లైన్‌లో తప్ప తీసుకోరట. సెంటర్ నడిపే పిలగాడు చకచకా పెట్టెలు నింపుతూ "మీ ఆయన పేరు?" అన్నాడు. పెద్దమ్మ నా ముఖం చూసింది. నలభై ఏళ్లు కాపురం చేసింది, ఆయన పోయి మూడేళ్లయింది, అయినా ఆ పేరు ఆమె నోట పలకదు. నేనే చెప్పాను.

తర్వాత ఆమె పేరు. ఇక్కడికి పోశవ్వ అనుకుందాం. అసలు పేరు రాయను. ఆధార్‌లో ఒక్క పేరే ఉంది. ఇంటిపేరు పెట్టె ఖాళీగా వదిలి పిలగాడు ముందుకు నొక్కాడు. పెట్టె చుట్టూ ఎర్రగీత పడింది, కింద ఎర్రటి ఇంగ్లిషు వాక్యం వచ్చింది.

"ఏందిరా బిడ్డా, ఎర్రగైంది?"

"పేరు చెల్లదంటాంది పెద్దవ్వా."

"చెల్లకపోవుడేంది? పుట్టినసంది గదే పేరుతోని పిలుత్తాన్రు."

పిలగాడు నవ్వలేదు. రోజూ ఇలాంటి మాటలు వింటూనే ఉంటాడు కాబోలు. ఇంటిపేరు పెట్టెలో కూడా పోశవ్వ అని కొట్టాడు. పోశవ్వ పోశవ్వ. ఎర్రగీత పోయి ఆకుపచ్చ టిక్కు పడింది. కాగితం చేతికిచ్చి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. లోకంలో ఎక్కడా లేని ఒక మనిషి పేరు ఏదో కంప్యూటర్‌లోకి భద్రంగా చేరింది. ఉన్న మనిషి నా పక్కన నిలబడి కొంగుముడి విప్పి చిల్లర లెక్కబెట్టుకుంటోంది.

ఆ ఫారం నేను రాసింది కాదు. కాని ఆ ఎర్ర వాక్యం నాకు బాగా తెలుసు. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా నేను చేసేది ఆ పనే. పేరు పెట్టెకు కాపలా పెట్టడం మాకు పది నిమిషాల పని. ఎక్కడో దొరికిన వరసను తెచ్చి అతికిస్తాం, రెండు పేర్లతో పరీక్షిస్తాం, టీ తాగడానికి లేస్తాం. ఆ రెండు పేర్లూ ఎప్పుడూ ఇంగ్లిషువాళ్లవే అయి ఉంటాయి. నా పేరు పెట్టి చూద్దామని కూడా నాకెప్పుడూ తోచలేదు.

ఆ వరసను మేం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటాం, ముద్దుగా రెజెక్స్. చూడటానికి పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంటుంది. విప్పి చెబితే మాత్రం చాలా మామూలు మాట: ఏ నుంచి జెడ్ దాకా ఉన్న అక్షరాల్లో ఏదో ఒకదానితో మొదలవ్వాలి, అలాంటివి కనీసం రెండుండాలి, నడుమ ఒక ఖాళీ ఉండాలి, తర్వాత మళ్లీ అక్షరాలే ఉండాలి, చుక్క పనికిరాదు, అంకె పనికిరాదు, మొత్తం ముప్పై దాటొద్దు. ఈ అచ్చులో పడితే పేరు, పడకపోతే కాదు.

బొగ్గు ఊళ్లో పెరిగినవాణ్ని కాబట్టి నాకిది సీహెచ్‌పీలో జల్లెడలాగా కనిపిస్తుంది. బాయిలోంచి వచ్చిన బొగ్గును పగలగొట్టి, జల్లించి, వ్యాగన్లకెక్కించే చోటది. జల్లెడకు తెలిసిందల్లా పెళ్ల సైజు. ఆ బొగ్గులో వేడెంతో దానికి తెలియదు. అది తెలియాలంటే గుప్పెడు తీసుకుపోయి ల్యాబ్‌లో కాల్చాలి. బాయి దగ్గర జల్లెడనూ ల్యాబ్‌నూ ఎవరూ కలగాపులగం చేయరు. మేం చేస్తాం. జల్లెడ దగ్గరే నిలబడి ఇది బొగ్గు, ఇది బొగ్గు కాదు అని తీర్పు చెబుతాం.

దీని పుట్టుక ఇంకా విచిత్రం. 1951లో స్టీఫెన్ క్లీని అనే అమెరికన్ గణితవేత్త, మెదడులో నరాల అల్లికలాంటి ఒక యంత్రం ఏయే వరసలను గుర్తుపట్టగలదన్న ప్రశ్న వేసుకుని, ఆ లెక్క కోసం ఈ భాషను కల్పించాడు. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని రాతలో పదాలు వెతికే పనిముట్టుగా మార్చాడు. గుర్తుపట్టడం అంటే ఏమిటని మొదలైన ఆలోచన డెబ్బై ఏళ్లు ప్రయాణం చేసి, పోశవ్వను గుర్తుపట్టను పొమ్మనే చోటికి వచ్చి ఆగింది. క్లీనిని తప్పుపట్టలేం. ఆయన అడిగింది వరసల గురించి, మనుషుల గురించి కాదు. వెతకడానికి చేసిన పనిముట్టును తలుపు దగ్గర కాపలాకు నిలబెట్టింది మేమే.

ఇంగ్లిషు అక్షరాల గోల వదిలేసి తెలుగులోనే రాయనిస్తే సమస్య తీరుతుందనుకున్నాను ఒకప్పుడు. ప్రయత్నించాను కూడా. కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ ఉన్న పట్టిక పేరు యూనికోడ్. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకూ ఒక కులం రాసి ఉంటుంది. ఇది లెటర్, ఇది మార్క్, ఇది అంకె అని. ప్రపంచంలో ఏ లిపి అక్షరమైనా సరే, లెటర్లు మాత్రమే రానివ్వు అని చెప్పే సౌకర్యం రెజెక్స్‌లో ఉంది. ఎంతో ఉదారంగా అనిపించి అదే పెట్టాను. కమల లోపలికి వచ్చింది. రమ వచ్చింది, సరళ వచ్చింది. రాము రాలేదు. గంగ రాలేదు. లక్ష్మి రాలేదు. అరగంట తల పట్టుకున్నాక అర్థమైంది. యూనికోడ్ దృష్టిలో క, మ, ల లెటర్లు. దీర్ఘం లెటర్ కాదు, గుడి లెటర్ కాదు, కొమ్ము కాదు, సున్న కాదు, ఒత్తును పుట్టించే పొల్లు కాదు; అవన్నీ మార్కులు. అంటే గుణింతం, ఒత్తు, సున్న లేకుండా తలకట్లతోనే బతికే పేర్లున్న ఆడపిల్లలు నలుగురైదుగురు తప్ప తెలుగు జాతి మొత్తం గేటు బయట నిలబడింది. బెల్లంపల్లి కూడా బయటే.

సరే, తెలుగుకు యూనికోడ్ ఇచ్చిన 128 గడుల్లో ఏదైనా రానివ్వు అని మార్చాను. ఇప్పుడు రాము వచ్చాడు. అతనితో పాటు తెలుగు అంకెలూ వచ్చాయి, ౧౨౩ కూడా పేరయిపోయింది. రాజ్‌కుమార్ మాత్రం రాలేదు. రాజ్ తర్వాత క కిందికి ఒత్తుగా దిగిపోకుండా ఆపడానికి నడుమ కంటికి కనబడని ఒక గుర్తు టైపు చేస్తాం. అది ఆ 128 గడుల్లో ఉండదు, ఇంకెక్కడో విరామచిహ్నాల వాడలో ఉంటుంది. కళ్లకు కనిపించని అక్షరం వల్ల కళ్లముందున్న మనిషి చెల్లకుండా పోయాడు. 2018 ఫిబ్రవరిలో ఈ కనబడని గుర్తే జ్ఞా అనే అక్షరం నడుమ చేరి ఐఫోన్లలో మెసేజ్‌లు తెరిచే యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ కంపెనీ కొద్దిరోజుల్లోనే మరమ్మతు పంపింది. తెలుగు అక్షరం వల్ల ఫోన్ చచ్చిపోతే లోకమంతా వార్త. ఫారం వల్ల తెలుగు పేరు చచ్చిపోతే ముప్పై రూపాయల పని.

అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన అది పేరవుతుందా? ఒక్క అక్షరం తప్పితే పేరు కాకుండా పోతుందా? ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. సంస్కృత వ్యాకరణం మీద పతంజలి రాసిన మహాభాష్యంలో మాటలను నాలుగు రకాలుగా విడదీసే చోటు ఒకటుంది. జాతిని చెప్పే మాటలు, గుణాన్ని చెప్పేవి, క్రియను చెప్పేవి, నాలుగోవి యదృచ్ఛా శబ్దాలు. అంటే పెట్టినవాడి ఇష్టం కొద్దీ వచ్చినవి, వెనక ఏ కారణమూ చూపనక్కర్లేనివి. మన పేర్లు ఆ నాలుగో పెట్టెలోవి. దాదాపు నాలుగు వేల సూత్రాలతో ప్రతి ప్రత్యయానికీ లెక్క చెప్పిన సంప్రదాయం పేరు దగ్గరికి వచ్చేసరికి ఇష్టం అన్న మాట వాడింది.

అదే గ్రంథంలో ఇంకో ముచ్చట ఉంది, నాకు భలే నచ్చింది. ఌ అనే అచ్చుకు భాషలో దాదాపు పనే లేదు కదా, అక్షరాల పట్టికలో దాన్నెందుకు ఉంచడం అని చర్చ. ఒక పక్షం అంటుంది: ఎవడో ఒకడు తన పేరు ఌతకుడు అని చెప్పుకోవచ్చు, అతనికి పెరుగు పెట్టమని చెప్పాల్సి రావచ్చు, అప్పుడు సంధి ఎలా చేస్తావు? అతని కోసం ఆ అక్షరం ఉండాలి. ఇంకో పక్షం అంటుంది: అతని పేరు అసలు ఋతకుడు, నోరు తిరగక ఌతకుడు అంటున్నాడు, సరైన రూపం ఉండగా అపభ్రంశానికి అక్షరం ఎందుకు? రెండు వేల ఏళ్లు దాటిన ఆ వాదంలో నేను మొదటి పక్షం. ఉన్నాడో లేడో తెలియని ఒక్క మనిషికి పెరుగు పెట్టడం కోసం అక్షరమాలనే సవరించుకుందామనే వాళ్ల పక్షం. తెలుగు యూనికోడ్‌లో ఌకు ఇప్పటికీ ఒక గడి ఉంది. ఌతకుడు మా ఆఫీసు ఫారం నింపితే అతని పేరులో ఆ ఒక్క అక్షరం దాటుతుంది, మిగతావి తర్వాతి సంగతి.

మా బడిలో మాత్రం రెండో పక్షమే గెలిచేది. ఇంట్లో లచ్చయ్య అని పిలిచే పిలగాడు హాజరు పట్టీలో లక్ష్మయ్య అయ్యేవాడు. సార్లు దాన్ని తప్పు దిద్దడం అనుకునేవారు. లచ్చయ్య తప్పని ఎవరన్నారు? వాళ్లవ్వ ఏమీ నోరు తిరగక అలా పిలవలేదు. ఆమె దేవుడు లచ్చన్న, ఆమె కొడుకు లచ్చయ్య. దిద్దుబాటు ఎప్పుడూ ఒకే దిక్కుకు నడుస్తుంది, పోశవ్వలూ మొండయ్యలూ ఓదేలులూ సమ్మయ్యలూ ఉన్న దిక్కు నుంచి పుస్తకాల దిక్కుకు. ఎవరి పేరును ఎవరు దిద్దుతారో చూస్తే ఊరి నక్షా తెలిసిపోతుంది. అంతకుముందు నిజాం జమానాలో సర్కారు దఫ్తర్లు ఉర్దూలో ఉండేవి. ఆ లిపిలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు, కాబట్టి ఒకే రాతను రెండు మూడు రకాలుగా చదవొచ్చు. ఆ తర్వాత ఇంగ్లిషు. లక్ష్మిలో ఎక్స్ వచ్చిందెక్కడి నుంచి? అయ్యకు ఐ ఎందుకు, వై ఎందుకు? మా ఊరి పేరుకే దుకాణాల బోర్డుల మీద చివర ఒకచోట ఐ, ఒకచోట వై.

తిర్యాణి దిక్కు గోండు గూడేలకు పోతే ఇది ఇంకా ముదురుతుంది. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు బలైన వీరుడి ఇంటిపేరును కొమరం అని రాసినవాళ్లున్నారు, కొమురం అని, కుమ్రం అని, కుమురం అని రాసినవాళ్లున్నారు. ఆయన పేరు మీద జిల్లా ఉంది, విగ్రహాలున్నాయి. ఒక్క రాత మీద మనకు రాజీ లేదు. గోండులకు అది గోత్రం చెప్పే మాట, ఎవరు ఎవరికి అన్నదమ్ములో, ఎవరి ఇంటి పిల్లను చేసుకోవచ్చో చెప్పే మాట. పలికితే చాలు, వాళ్లకు తెలిసిపోతుంది. రాత కుదరకపోవడం మన ఇబ్బంది.

ఇంకో రకం పేర్లున్నాయి, వాటి దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద ఓసారి దొర్లించి పెంటయ్య అని పిలిచేవారు. ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టి పుల్లయ్య అనేవారు. బిచ్చమెత్తి తెచ్చిన గింజలతో బిచ్చమ్మ, బిక్షపతి. ఎందుకు? చావు వచ్చి చూస్తే, ఛీ, ఇదేం పేరు, దీన్నెవడు తీసుకుపోతాడు అని వదిలేసి పోవాలని. కావాలని చెల్లని పేరు పెట్టడం అన్నమాట. చావు దగ్గర కూడా ఒక జల్లెడ ఉంటుందని, అది మంచి పేర్లనే పట్టుకుంటుందని, దాన్ని మోసం చేయొచ్చని నమ్మిన తల్లుల తెలివి అది. ఎన్ని కాన్పుల దుఃఖం ఉండాలి ఆ తెలివి వెనక! అలాంటి పేరుతో బతికి బట్టకట్టిన ముసలాయన ఈ రోజు నెట్ సెంటర్‌లో కూర్చుంటే, పక్కనున్న కుర్రాళ్లు పేరు విని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఆయన బతికాడు. ఆ పేరు తన పని తాను చేసింది.

పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే అబద్ధాలంటూ ప్యాట్రిక్ మెకెంజీ అనే ఆయన 2010లో నలభై అంశాల జాబితా రాశాడు. అప్పుడాయన జపాన్‌లో ఉండేవాడు, అక్కడి కంప్యూటర్లకు ఆయన పేరు కొరుకుడు పడేది కాదు. మనిషికి ఒక్కటే పేరుంటుందనుకోవడం ఒక అబద్ధం, పేరు మారదనుకోవడం ఒకటి. జాబితాలో ఆఖరిది, అసలు ప్రతి మనిషికీ పేరుంటుందనుకోవడం. మొదటిసారి చదివినప్పుడు అతిశయం అనుకున్నాను. ఆసుపత్రి ఉయ్యాలలకు కట్టిన చీటీలు గుర్తొచ్చాయి తర్వాత: ఫలానా ఆమె బిడ్డ, అంతే. ఇరవై ఒక్కటో రోజు దాకా మనలో చాలామంది పేరు లేకుండానే పాలు తాగాం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కూడా బిడ్డ పుట్టుకను పేరు లేకుండానే రాసుకుని, పేరు తర్వాత చేర్చుకోనిస్తుంది. ముందు మనిషి, తర్వాత పేరు. మా ఫారాల్లో పేరు పెట్టె దాటితే గాని మనిషి పుట్టడు.

ఒక్క పేరుతో బతకడం మన దగ్గర వింత కాదు, గల్ఫుకు పోయేటప్పుడు వింత అవుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు నుంచి దుబాయికి పోయినవాళ్లు లేని ఊరు దొరకదు. 2022 నవంబర్ 21 నుంచి, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. తండ్రి పేరు రెండో పేజీలో ఉంటే చాలని తర్వాత సడలించారు. అమెరికా వీసా మీదైతే పేరు దొరకనివాళ్లకు ఎఫ్‌ఎన్‌యూ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. కొందరు మనవాళ్లు అక్కడ బ్యాంకులో, ఆఫీసులో ఎఫ్‌ఎన్‌యూ గారుగా తిరిగారు.

ఇదంతా చెప్పి, అసలు విషయం దగ్గర నేను తప్పించుకు తిరుగుతున్నట్టున్నాను. అసలు విషయం మా బాపు పేరు.

సింగరేణిలో మారుపేరు అనే మాట అందరికీ తెలుసు. అన్న ఎంప్లాయ్‌మెంట్ కార్డు మీద తమ్ముడు బాయిలో చేరాడు. కార్డు వచ్చేనాటికి అన్న పోతే బావమరిది చేరాడు. అప్పులవాడికో, దొరకో, పోలీసు కేసుకో భయపడి ఊరు విడిచివచ్చినవాడు కొత్త పేరు చెప్పి చేరాడు. చేరిన రోజున రిజిస్టర్‌లో ఏ పేరు పడితే మస్టర్, అంటే హాజరు, ఆ పేరు మీదే, జీతం ఆ పేరు మీదే, సీఎంపీఎఫ్ అనే భవిష్యనిధి ఆ పేరు మీదే. ఏడాదికి 190 అండర్‌గ్రౌండ్ మస్టర్లు నిండాలి. ఆ 190 రోజులూ ఒక మనిషి చీకట్లోకి దిగి, మరో మనిషి పేరును పైకి మోసుకొచ్చాడు. ఊళ్లో, భూమి కాగితాల్లో, పిల్లల బడి సర్టిఫికెట్లలో మాత్రం పాత పేరే. కొడుకుకు కారుణ్య నియామకం అడిగే రోజున రెండు పేర్లూ ఎదురెదురుగా నిలబడతాయి. నీ తండ్రి నీ తండ్రేనని రుజువు తే అంటాయి. యూనియన్ల డిమాండ్ల కాగితాల్లో ఈ మారుపేర్ల సంగతి ఏళ్ల తరబడి నలిగింది, ఎన్నికల సభల్లో హామీగా వినబడింది.

ఆ ఉద్యోగం కోసం, తండ్రి బతికుంటే, ఆయన పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చాలి. దాన్ని మెడికల్ ఇన్వాలిడేషన్ అంటారు. బాయి మీద చిన్నప్పటి నుంచీ విన్న మాట. పోశవ్వ పెద్దమ్మ ఫారం మీద ఎర్రగా వచ్చిందీ అదే మాట, ఇన్వాలిడ్ నేమ్. ఊపిరితిత్తుల్లో దుమ్ము నిండినవాడూ ఇన్వాలిడే, ఇంటిపేరు లేని ఆమె పేరూ ఇన్వాలిడే. ఆ మాట నేను నా చేత్తో ఎన్ని ఫారాల్లో రాశానో లెక్కలేదు. ఒక్కసారి కూడా నాకు బాయి గుర్తురాలేదు.

మా బాపుకు రెండు పేర్లు. రెండూ ఇక్కడ రాయను. ఆయన రిటైరై చాలా కాలమైంది, ఎవరి దగ్గరా ఏ పేచీ లేదు, ఉన్నదాన్ని కదపడం నాకిష్టం లేదు. బాయి పేరు మా పెద్దబాపుది. పెద్దబాపు ఊళ్లోనే ఉండి ఎవుసం చేశాడు. పేరు అరువిచ్చినందుకు ఆయన ఏం పోగొట్టుకున్నాడన్నది మా ఇంట్లో ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. ఇక ఆయన తన పేరుతో ఏ ఉద్యోగానికీ అడగలేడు కదా. ఆ పేరు అప్పటికే డ్యూటీలో ఉంది. ఇద్దరు మనుషులు, రెండు పేర్లు, ఒక నౌకరి. ఇది మోసమా? కాగితం ప్రకారం ముమ్మాటికీ మోసమే. మస్టర్‌లో పడిన పేరు వేరొకరిది, టబ్బులోకి ఎత్తిన బొగ్గు మాత్రం బాపుది. ఈ రెంటిలో ఏది నిజమని అడిగితే నేను జవాబు చెప్పలేను. రెండోదాంతో మేం తిన్నాం, చదివాం.

నన్ను వదలనిది ఇది. బాపు బాయి పేరుకు చక్కటి ఇంటిపేరుంది, రెండు ముక్కలుగా ఉంటుంది, ఇంగ్లిషులో పద్నాలుగు అక్షరాలు. నేను రాసిన ఏ జల్లెడలోనైనా జారిపోతుంది, ఎర్రగీత పడదు. ఊరి పేరేమో ఒంటరిది, పొట్టిది, రాస్తే ఏ రాతా కుదరనిది. పరీక్షించి చూశాను కూడా, ఒక రాత్రి, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు. మారుపేరుకు ఆకుపచ్చ. వాళ్లమ్మ పెట్టిన పేరుకు ఎరుపు.

అబద్ధాన్ని ఆపడానికే కదా ఈ కాపలా అని మా టీంలో చిన్నవాడు వాదించాడు. "అన్నా, పేరు పెట్టెలో ఫోన్ నంబర్ కొడతరు, డేటాబేస్‌ను తుడిచేసే ఆదేశాలు కొడతరు, ఊకుందామా?" అతని మాటలో న్యాయం లేకపోలేదు. ఆదేశాల భయం నిజమే. అయితే దానికి మందు వేరే ఉంది: పేరును ఆదేశంలో కలిపి కుట్టకుండా విడిగా పంపే పద్ధతి చాలా కాలంగా ఉన్నదే. అది చేయడానికి బద్ధకించి ఐర్లండ్ ఓ'బ్రయన్లను, వాళ్ల పేరులో ఉన్న ఆ చిన్న కొక్కేన్ని చూసి, దొంగల్లాగా బయట నిలబెట్టారు. ఇక ఫోన్ నంబర్ కొట్టినవాణ్ని అడగొచ్చు, ఇది మీ పేరేనా అని. అవునంటే వదిలేయాలి. "అట్లయితే ఎవరైనా ఏదైనా కొట్టొచ్చా?" అన్నాడు. కొట్టొచ్చు అన్నాను. పోశవ్వ పోశవ్వ అని మనం కొట్టించిన దానికంటే అది ఎంత చెడ్డది? అతను నన్ను వింతగా చూసి తన స్క్రీన్ వైపు తిరిగాడు. ఆ ఒక్క వరస నేను తీసేశాను. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ నడుస్తున్నాయో వెతికి పట్టుకోవడం నా వల్ల కాదు. నడుస్తూనే ఉంటాయి.

బెల్లంపల్లిలో, ఆ దసరా మర్నాడు, బాపు పింఛను కాగితాల మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఆయనకు చదువు రాదు. బాయిలో చేరాక, వేలిముద్ర వేయడం నామోషీ అని తోటి కార్మికుడొకాయన పలక మీద నేర్పిన సంతకం అది. ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో పద్నాలుగు గీతల గుంపులు, ఒక్కొక్కటీ తట్టకు తాడు బిగించినట్టు గట్టిగా పెడతాడు. ఆయన రాయగలిగింది లోకంలో అదొక్కటే. చూస్తూ చూస్తూ అడిగాను, "బాపూ, నీ పేరు రాయొస్తదా, మన ఊరిది?"

"దాన్ని ఎప్పుడు రాసిన్నే" అన్నాడు తలెత్తకుండానే.

నిజమే. రాసే అవసరం పడలేదు. మా అవ్వ ఆ పేరు పలకదు, పెద్దమ్మ లాగే. నాయనమ్మ పోయింది, పెద్దబాపు పోయాడు. బాయి దోస్తులందరికీ ఆయన మస్టర్ పేరుతోనే తెలుసు, లేకపోతే కాకా. ఒకసారి గనిలో పైకప్పు కూలి ఆయనా ఇంకో నలుగురూ లోపల ఉండిపోయినప్పుడు అవతలి నుంచి ఏ పేరుతో పిలిచారు అని కూడా ఎప్పుడో అడిగాను. పేరేంది, ఓ కాకా అని కేకేసిండ్రు, అయిదుగురం పలికినం అన్నాడు.

సంతకం అయ్యేసరికి ఫోన్ మోగింది. ఊరి నుంచి మేనత్త. ఆమెకు ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా వినబడవు, అందుకని ప్రపంచమంతా చెవిటిదనుకుని అరుస్తుంది. ఫోన్ టేబుల్ మీద ఉండగానే ఆమె గొంతు గదంతా నిండింది. హలో లేదు, తమ్మీ లేదు, నేరుగా ఆ పేరు, రెండోసారి ఇంకా గట్టిగా, చివర దీర్ఘం సాగదీసి, చేను గట్టు మీద నుంచి ఎడ్లతో ఉన్నవాణ్ని పిలిచినట్టు.

పెన్ను పక్కన పెట్టి బాపు "ఓ" అన్నాడు.